హైవే దాబాలో లారీ డ్రైవర్లకు వైఫై, దారి సమాచారం: ఏమేం కావాలి?

సింగరాయకొండ_దాబా:
16వ నంబరు జాతీయ రహదారి పక్కన మా దాబా. వెనక ముప్పై లారీలు ఆగేంత జాగా ఉంది. రాత్రిళ్లు ఆగే డ్రైవర్లకు వైఫై ఇచ్చి, రోడ్డు సంగతులు, వాన కబుర్లు కూడా తెలిసేట్టు చేయాలని ఉంది. ఇంట్లో వాడే రౌటరు సిగ్నలు గోడ దాటి పోవడంలేదు. పాస్‌వర్డు గోడ మీద రాస్తే సరిపోతుందా, లైసెన్సేమన్నా కావాలా?

పీడీఓ_కావలి:
అన్నా, పాస్‌వర్డు గోడ మీద రాయొద్దు. ఎవడో మీ నెట్ మీద తప్పుడు పని చేస్తే పోలీసులు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లనే అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ పబ్లిక్ వైఫై పథకం పీఎం వాణిలో చేరండి. 2020 డిసెంబరులో వచ్చిన ఈ పద్ధతిలో దాబా, కిరాణా కొట్టు ఎవరైనా పీడీఓగా (పబ్లిక్ డేటా ఆఫీస్, అంటే జనానికి వైఫై ఇచ్చే చోటు) వైఫై ఇవ్వొచ్చు. లైసెన్సు లేదు, ఫీజు లేదు. ఓటీపీతో మనిషిని గుర్తించడం, రికార్డులు ఉంచడం ఇట్లాంటి పీడీఓలను కలిపి నడిపే పీడీఓఏ కంపెనీ చూసుకుంటుంది.

చేరేముందు ఒకటి అడగండి: ఆప్ లేకుండా బ్రౌజరులోనే లాగిన్ అవుతుందా? డేటా అయిపోయిన డ్రైవరు ఆప్ ఎట్లా దించుకుంటాడు? లాగిన్ పేజీ తెరుచుకోకపోతే చాలాసార్లు ఫోన్‌లో వీపీఎన్ గానీ ప్రైవేట్ డీఎన్‌ఎస్ గానీ ఆన్‌లో ఉంటుంది. అది ఆపమని కౌంటరు దగ్గర రాసిపెట్టండి.

కేబులు_పని:
బయట పెట్టే రకం యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నలు పంపే పెట్టె) ఒకటి తీసుకుని, లారీల జాగా వైపు తిప్పి 4, 5 మీటర్ల ఎత్తులో బిగించండి. 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉండాలి. దూరానికి, లారీ క్యాబిన్‌లోకి 2.4 నయం. దాని చానల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది పెట్టండి.

కేబులు క్యాట్ 6, బయట వాడేది, అచ్చం రాగిది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవగ్గా దొరుకుతుంది గానీ, పొడుగు పెరిగేకొద్దీ దాంట్లో నెట్‌తో పాటు పోయే కరెంటు పడిపోయి యాక్సెస్ పాయింట్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. 100 మీటర్లు దాటనీయొద్దు. పిడుగులకు సర్జ్ ప్రొటెక్టరు పెట్టి, దాన్ని ఎర్త్‌కు కలపండి. ఎర్త్ లేకుండా అది ఉన్నా లేకున్నా ఒకటే. మీది సముద్రం దగ్గర, ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడతాయి. సీలింగ్ టేపు చుట్టి, వానాకాలం ముందొకసారి విప్పి చూడండి.

100 ఎంబీపీఎస్ లైను చాలు. మనిషికి 3 ఎంబీపీఎస్ పరిమితి పెట్టండి, లేకుంటే ఒకడి వీడియోకే అంతా పోతుంది. క్లయింట్ ఐసొలేషన్ (ఒకరి ఫోను ఇంకొకరి ఫోనుకు కనబడకుండా చేసేది) ఆన్ చేయండి. మీ బిల్లింగు కంప్యూటరు, సీసీ కెమెరాలు వేరే నెట్‌వర్కులో ఉండాలి. రోడ్డు పనుల్లో ఫైబరు తెగడం మామూలే, అందుకని 4జీ సిమ్ పట్టే రౌటరు తీసుకోండి. అన్నీ కలిపి 50 వాట్లు లాగినా 150 ఏహెచ్ ఇన్వర్టరు బ్యాటరీ రాత్రంతా లాగుతుంది.

సింగరాయకొండ_దాబా:
ఇవన్నీ రాసుకున్నా. మరి సమాచారం సంగతి?

రోడ్డు_కబురు:
అసలు పని అదేనన్నా. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు దగ్గర ఈ రోడ్డే తెగింది. అట్లాంటి రోజున డ్రైవరుకు కావలసింది ముందు దారి ఉందా లేదా అన్న కబురు.

లాగిన్‌కు ముందు వచ్చే పేజీలోనే ఆ కబురు ఉంచమని పీడీఓఏను అడగండి. ఓటీపీ రానివాడికీ కనబడాలి. వాతావరణ శాఖ హెచ్చరిక, దారి మళ్లింపు, చివర రాసిన తేదీ, గంట. గంట రాయని కబురు నమ్మి బండి తిప్పితే డీజిలు దండగ.

నెట్ ఆగినా పనికొచ్చేట్టు ఒక రేకు బోర్డు కూడా రాయించండి, తెలుగు, తమిళం, హిందీల్లో: హైవే సాయానికి 1033, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, విపత్తులకు 1070. అన్నిటికంటే పైన మీ దాబా ఎదుట ఉన్న కిలోమీటరు రాయి నంబరు, అది నెల్లూరు వైపు రోడ్డా ఒంగోలు వైపు రోడ్డా అన్నది. 1033కు ఫోన్ చేసినవాళ్లను మొదట అడిగేది అదే, పై ఊరి డ్రైవరుకు తెలియనిదీ అదే.

క్యూఆర్ కోడ్ పెడితే అద్దం లోపల పెట్టండి. పైన ఇంకో స్టిక్కరు అంటించి డబ్బు లాగేవాళ్లున్నారు.