ట్రైటాన్‌లో నా ప్రోటీన్ ఎందుకు కరగలేదు?

ప్రశ్న: కణాలను మంచు మీద 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌లో అరగంట ఉంచాను. సెంట్రిఫ్యూజ్ తిప్పితే నా పొర ప్రోటీన్ దాదాపు అంతా పెల్లెట్‌లోనే (అడుగున చేరే ముద్దలోనే) ఉంది. డిటర్జెంట్ పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: డిటర్జెంట్‌ను అనుమానించకండి. కొలెస్ట్రాల్, స్ఫింగోమైలిన్ ఎక్కువున్న చోట పొరలోని లిపిడ్ల (కొవ్వు అణువుల) తోకలు నిటారుగా, ఒత్తుగా సర్దుకుంటాయి. చలిలో ట్రైటాన్ దూరడానికి సందు దొరకదు. అసంతృప్త తోకలు వంగి ఉంటాయి, అందుకే ఆ భాగాలు ముందు కరుగుతాయి. 37 డిగ్రీల దగ్గర చేసి చూడండి. ప్రోటీన్‌ను ముక్కలు చేసే ఎంజైములను ఆపే ప్రోటియేజ్ ఇన్హిబిటర్ మరవకండి.

ఇంకో జవాబు: ఆక్టైల్ గ్లూకోసైడ్ అనే మరో డిటర్జెంట్ కూడా ప్రయత్నించండి, అది చలిలోనూ ఇలాంటి భాగాలను కరిగిస్తుంది. కానీ పెల్లెట్‌లో మిగిలిందంతా రాఫ్టే (కొలెస్ట్రాల్ ఎక్కువున్న ఆ ఒత్తు భాగమే) అని రాసేయకండి. సైటోస్కెలిటన్‌కు (కణం లోపలి ప్రోటీన్ పోగుల చట్రానికి) అతుక్కున్న ప్రోటీన్ కూడా అక్కడికే చేరుతుంది. ఆ పొరపాటుతో నాకు ఆరు నెలలు పోయాయి.

ప్రశ్న అడిగినవారు: 37 దగ్గర చేశాను. చాలావరకు పైతేటలోకి (పెల్లెట్ పైన మిగిలే ద్రవంలోకి) వచ్చేసింది! రేపు ఆక్టైల్ గ్లూకోసైడ్‌తో చేస్తాను.