ఫిక్స్‌డ్ హోమ్ లోన్: పెనాల్టీ కట్టి ముందే తీర్చేయాలా, ఇలాగే నడిపించాలా?

కూకట్‌పల్లి_కాపురం:
2021లో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో ఫ్లాట్ కోసం లోన్ తీసుకున్నాను. ఫిక్స్‌డ్, 9.5 శాతం. ఇంకా 28 లక్షల అసలు ఉంది, 11 ఏళ్లు కట్టాలి, ఈఎంఐ 34,268. ఊళ్లో పొలం అమ్మితే నా వాటాకి 20 లక్షలు వచ్చాయి. లోన్‌కి కట్టేద్దామని వెళ్తే, కట్టే మొత్తం మీద 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 47,200 పెనాల్టీ అన్నారు. రుణశేషం, శత్రుశేషం ఉంచుకోకూడదని మా బావగారు. మ్యూచువల్ ఫండ్స్‌లో పెట్టమని ఆఫీసులో వాళ్లు. తీసుకున్న డబ్బు తిరిగిస్తామంటే ఎదురు జరిమానా ఏంటండీ?

లెక్కల_మాస్టారు:
47 వేలు చూసి కంగారు పడకండి. ఆ 20 లక్షల మీద ఇప్పుడు మీరు కడుతున్న వడ్డీ నెలకి 15,833. అంటే పెనాల్టీ మొత్తం మూడు నెలల వడ్డీ. నాలుగో నెల నుంచి మిగులే. ఈఎంఐ తగ్గించుకోకుండా అదే కడుతూ పోతే మిగతా 8 లక్షలు 26 నెలల్లో తీరిపోతాయి. ఇప్పుడున్నట్టే నడిపిస్తే ఇకమీదట కట్టే వడ్డీ 17 లక్షల పైచిలుకు, అలా తీరిస్తే 88 వేలు. అయితే ఈఎంఐ కాదు, గడువు తగ్గించమని కాగితం మీద రాసివ్వండి. నోటి మాట నమ్మొద్దు.

సిప్_రాజా:
మాస్టారూ, ఇది సగం లెక్క. ఆ 20 లక్షలు 11 ఏళ్లు బీరువాలో ఉండవు కదా! 12 శాతం చొప్పున పెరిగితే 69 లక్షలు దాటుతాయి. లాభం మీద 12.5 శాతం పన్ను పోయినా 63 లక్షలు చేతికొస్తాయి. పైగా పాత పన్ను విధానంలో ఉంటే, సొంతింటి లోన్ వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల వరకూ మినహాయింపు ఉంది. అదీ పోగొట్టుకుంటారా?

లెక్కల_మాస్టారు:
సరే, మీ దారిలోనే వద్దాం. 20 లక్షలు లోన్‌కి కట్టి, లోన్ తీరాక మిగిలే ఈఎంఐలని పొదుపు చేస్తే, అవీ 9.5 శాతానికే పెరిగాయనుకుంటే, అప్పటికి 56 లక్షలు. తేడా 7 లక్షలు, అదీ ఫండ్ 12 శాతం ఇస్తేనే. 10 ఇస్తే పన్ను పోగా 52 దగ్గర ఆగుతుంది, అంటే లోన్ తీర్చినవాడే ముందున్నట్టు. లోన్ తీర్చితే 9.5 శాతం ఖాయం. ఏ ఎఫ్‌డీ ఇస్తోంది అంత, అదీ పన్ను లేకుండా? ఇక మినహాయింపంటారా, కొత్త విధానంలో ఉన్నవాళ్లకి సొంతానికి వాడుకునే ఇంటి మీద అది లేనే లేదు.

డల్లాస్_తెలుగువాడు:
నాది 2021లో తీసుకున్న 30 ఏళ్ల ఫిక్స్‌డ్, 3 శాతం లోపే. ఒక్క డాలర్ కూడా ముందు కట్టను. మీకున్న 9.5 నాకుంటే ఈపాటికి తీర్చేసేవాణ్ణి.

బ్యాంకు_బాబాయి:
నేను లోన్ల సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. అసలు ఆ పెనాల్టీ వేయొచ్చా అని ఎవరూ అడగలేదేంటి? ఫ్లోటింగ్ హోమ్ లోన్, అంటే వడ్డీ రేటు మధ్యలో మారుతుండే లోన్ మీద వ్యక్తుల దగ్గర పెనాల్టీ వసూలు చేయొద్దని 2012లోనే బ్యాంకులకి ఆర్‌బీఐ చెప్పింది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి 2011 నుంచే నిబంధన ఉంది: ఫ్లోటింగ్ అయితే డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చినా పెనాల్టీ లేదు, ఫిక్స్‌డ్ అయినా సొంత డబ్బుతో క్లోజ్ చేస్తే లేదు. సొంత డబ్బంటే బ్యాంకులో, ఇంకో ఫైనాన్స్ సంస్థలో అప్పు తెచ్చింది కాకూడదు, అంతే. మీరు 20 లక్షలే కడతానన్నారు కాబట్టి పార్ట్ పేమెంట్ కింద అగ్రిమెంట్‌లో ఉన్న 2 శాతం చూపించి ఉంటారు. మొత్తం 28 కడితే లెక్క మారుతుంది.

ఇంకోటి. ఆ అగ్రిమెంట్ తీసి చూడండి. చాలా 'ఫిక్స్‌డ్' లోన్లు మొదటి కొన్నేళ్లే ఫిక్స్‌డ్, తర్వాత ఫ్లోటింగ్‌లోకి మారతాయి. కట్టే రోజున లోన్ ఏ రేటు మీద ఉందో దాన్నిబట్టే పెనాల్టీ.

కూకట్‌పల్లి_కాపురం:
చూశాను బాబాయ్ గారూ, ఆఖరి దాకా ఫిక్స్‌డే. మరి ఆ 8 లక్షలకి ఇంట్లో బంగారం తాకట్టు పెడితే?

బ్యాంకు_బాబాయి:
బ్యాంకులో పెడితే అది అప్పే అవుతుంది, సొంత డబ్బు కిందికి రాదు. మీ బావగారిస్తే వస్తుంది.

మంగళగిరి_అక్క:
47 వేలు తప్పించుకోవడానికి బావగారి దగ్గర 8 లక్షలు చేబదులా తమ్ముడూ? రూపాయి వడ్డీ అడిగారంటే 12 శాతం, నీ లోన్ కన్నా ఎక్కువ. వడ్డీ లేకుండా ఇస్తే ప్రతి పండక్కీ భోజనాల దగ్గర వినాలి. ఉన్న 20లో ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలు పక్కన పెట్టుకో. మిగతాది పెనాల్టీతోనే కట్టెయ్. ఉద్యోగం పోతే కట్టేసిన డబ్బు ఆ కంపెనీ వెనక్కివ్వదు.

సిప్_రాజా:
అక్క చెప్పిన రిజర్వ్ వరకు ఒప్పుకుంటాను. మిగతాదంతా లోన్‌కే అంటే మాత్రం ఒప్పుకోను, సగం సగం చేయండి.

బ్యాంకు_బాబాయి:
ఏది చేసినా, సొంత డబ్బుతో పూర్తిగా క్లోజ్ చేస్తే చార్జీ ఎంతో ముందు మెయిల్‌లో అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. క్లోజయ్యాక 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 మీకు కట్టాలి, 2023 డిసెంబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. తాకట్టు రిజిస్టర్ అయ్యుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిలీజ్ చేయించి, కొత్త ఈసీ (ఆస్తి మీద ఉన్న తాకట్టులు, లావాదేవీలు చూపే కాగితం) తీసి చూసుకోండి. చాలామంది ఇది వదిలేసి, ఫ్లాట్ అమ్మేటప్పుడు పరుగెడతారు.