పొద్దున్నే స్టార్ట్ చేస్తే కటకట: సెల్ఫ్ మార్చాలా, వద్దా?

అంతర్వేది రేవు:
అందరికీ నమస్కారం అండి. 2014 పెట్రోల్ కారు, 82 వేలు తిరిగింది. నెల నుంచి పొద్దున్నే తాళం తిప్పితే కటకటమంటోంది, మూడో సారికో నాలుగో సారికో గాని అందుకోదు. మధ్యాహ్నం ఏ గొడవా లేదు. బ్యాటరీ వేసి ఏడాదే. రాజోలులో మెకానిక్ సెల్ఫ్ పోయిందన్నాడు, కొత్తది 6,500. మార్చెయ్యమంటారా?

భీమవరం మీటర్:
మార్చకండి. ఆ చప్పుడు ఇంజిన్ తిరక్కముందా, అందుకున్నాకా? ముందే టకటకా కొట్టుకుంటే అది సెల్ఫ్ మీదుండే సోలినాయిడ్, అంటే సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్చు. కరెంటు చాలక పట్టుకుంటుంది, వదిలేస్తుంది. బ్యాటరీ బాగున్నా, దాని మైనస్‌ని బాడీకి, ఇంజిన్‌కి కలిపే ఎర్త్ వైరు తుప్పు పడితే ఇంతే. మీది సముద్రపు గాలి కూడాను. మల్టీమీటర్ వైరు ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ దగ్గరే తేడా.

పాత అంబాసిడర్:
ఆయన కటకట అన్నారు, టకటక అనలేదు. కటకట అంటే ఇంజిన్ లోపల తిరిగే టైమింగ్ చైనండి. రాత్రంతా నిలబడితే ఆయిలు కిందికి దిగిపోద్ది, చైన్ని బిగువుగా పట్టే టెన్షనర్‌కి ఆయిలు ఒత్తిడుండదు, చైను వదులై కొట్టుకుంటది. ఆయిలెక్కాక రెండు సెకన్లలో ఆగిపోద్ది.

ముమ్మిడివరం:
నాదీ ఇదే గోల. ఏం తేలిందో చెప్పండి.

భీమవరం మీటర్:
చైనైతే మూడుసార్లు ఎందుకు తిప్పాలి?

పాత అంబాసిడర్:
టకటకైతే ఆయన టకటక అనే రాసేవారు.

భీమవరం మీటర్:
మాట పట్టుకుని ఇంజిన్ విప్పిస్తారా? 2019లో ఒకాయన ఇలాగే చెవి పెట్టి విని చైనన్నాడు. ముందు భాగమంతా విప్పించా, 18 వేలు. చప్పుడు అలాగే ఉంది. చివరికి తేలిందేంటి? ఫ్యాన్ బెల్ట్ దగ్గర బేరింగు. కొలవకుండా చెప్పేవాణ్ణి నేనిక నమ్మను.

పాత అంబాసిడర్:
మా నాన్నగారు రావులపాలెంలో ముప్పై రెండేళ్లు షెడ్డు నడిపారండి. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి, పిడి చెవికి ఆనించి ఏ బేరింగో చెప్పేవోరు. మీటర్ లేదని ఆయన్ని దొంగంటారా?

భీమవరం మీటర్:
ఆ మాట నేనన్లేదు.

పాత అంబాసిడర్:
అన్నట్టే ఉంది. కొలవమంటున్నారు కదా, గంటసేపు వెతికితే ఆ గంటకి డబ్బులెవరిస్తారండి? నాన్నగారు ఎర్త్ వైరు గీకి బిగిస్తే బండోళ్లు యాభై చేతిలో పెట్టి "ఏం మార్చావని?" అనేవోరు. అదే సెల్ఫ్ మారిస్తే మారుమాట లేకుండా ఇచ్చేవోరు. పార్టు మార్చడం నేర్పింది మీలాంటోళ్లే.

భీమవరం మీటర్:
ఇది మాత్రం కాదనలేను. ఒక కుర్రాడు నా ఫ్యూజు కింద వదులైన పిన్ను పట్టుకున్నాడు. "ఇంతేనా" అని వంద ఇచ్చా. వాడి మొహం ఇప్పటికీ గుర్తుంది. కానీ నా 18 వేల సంగతేంటి? వెతికినందుకు వెయ్యి అడగమనండి, ఇస్తా. వెతక్కుండా పార్టు రాస్తే ఒప్పుకోను.

పాత అంబాసిడర్:
వెయ్యి అడిగితే పక్క షెడ్డుకి పోతారండి. చూశాను.

అంతర్వేది రేవు:
ఆ మెకానిక్‌నే పిలిచి మీటర్ పెట్టించానండి. 1.4 వోల్టులు చూపించింది. ఎర్త్ బోల్టు విప్పితే వైరు కొస పచ్చగా చిలుం పట్టేసి ఉంది. గీకి, కొస మార్చి బిగించాడు. ఇప్పుడు ఒక్క తిప్పుకే అందుకుంటోంది. కానీ అందుకున్నాక రెండు సెకన్లు కటకట అలాగే ఉంది. ఇన్నాళ్లూ రెండు చప్పుళ్లని ఒకటే అనుకుని రాశాను, క్షమించండి. ఇంకోటి, బండి పుస్తకంలో ఇంజిన్ ఆయిలు 5డబ్ల్యూ-30 రకం పొయ్యాలని ఉంది. మన ఎండలకి చిక్కటిదే మంచిదని నాకు పోసింది 20డబ్ల్యూ-40.

పాత అంబాసిడర్:
చిక్కటి ఆయిలు పైకెక్కడానికి ఆలస్యమవుద్దండి. పుస్తకంలో ఉన్నదే పోయించండి, ఫిల్టరు కూడా మంచిది వేయించండి. ఆయిలు వెనక్కి జారిపోకుండా అందులో ఒక రబ్బరు వాల్వుంటది, అది గట్టిపడితే ఇదే చప్పుడు. అప్పటికీ మోగితే చైను చూద్దురు గాని. బండి వేడెక్కాక కూడా మోగితే మాత్రం తిప్పకండి.

భీమవరం మీటర్:
ముందు ఆయిలు, ఫిల్టరు. సరే, నేనూ అదే అంటా. మెకానిక్‌కి ఎంతిచ్చారు?

అంతర్వేది రేవు:
నాలుగొందలు అడిగాడు. బేరమాడబోయి మీ ఇద్దరి మాటలూ గుర్తొచ్చి ఇచ్చేశానండి.