గోదావరి తేమకు ఉబ్బిన వీడియో గేమ్ పెట్టె: బోర్డు ఏదో చెప్పగలరా?

అమలాపురం దగ్గర దొరికిన నిలువు పెట్టె ఇది. పేరు పలక లేదు. లోపల 56 పిన్నుల జామా (ఆర్కేడ్ బోర్డుల ప్రామాణిక) కనెక్టరు ఉంది కాబట్టి 1985 తర్వాతిదే అయ్యుండాలి. బోర్డు మీద 64 కాళ్ల 68000 ప్రాసెసరు, పక్కన జడ్80 ప్రాసెసరు, యమహా వైఎం2151 సౌండు చిప్పు ఉన్నాయి. కంపెనీ ముద్ర ఎక్కడా లేదు, నకలు బోర్డేమో.

ఎస్‌ఎమ్‌పీఎస్ (బోర్డుకి కరెంటిచ్చే యూనిట్) దగ్గర 5.05 వోల్టులు వస్తున్నాయి, బోర్డు అంచున మాత్రం 4.6. ఉప్పుగాలికి కనెక్టరు పచ్చగా చిలుము పట్టింది, నష్టం అక్కడేనని నా అనుమానం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోతుందా, కనెక్టరే మార్చాలా? వోల్టేజీ పెంచి సరిపెట్టడం నాకు ఇష్టం లేదు, చిలుము వదిలితే బోర్డుకి ఎక్కువ వెళ్లిపోతుంది.

ఆట ప్రోగ్రాము ఉండే ఈప్రాము చిప్పుల్లో రెండింటికి కిటికీ స్టిక్కర్లు ఊడిపోయాయి. వెలుతురు తగిలి డేటా చెరిగిపోకుండా నల్ల టేపు వేశాను. వాటిని చదివి, పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్లో నడిపే మేమ్‌లోని రోమ్‌ఐడెంట్‌ అనే చిప్పు గుర్తింపు సాధనంతో పోల్చాలనుకుంటున్నాను. నకలు బోర్డులకు అది నమ్మదగిందేనా?

అడుగున పార్టికల్ బోర్డు నాలుగు అంగుళాల మేర ఉబ్బి పొడి రాలుతోంది. ఆ మేరకు కోసి 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ అతికిస్తే 20 అంగుళాల పిక్చర్ ట్యూబు బరువు ఆగుతుందా? ఇలా అతుకు వేసినవాళ్లు దయచేసి చెప్పండి.