మా అమ్మ డబ్బా ఖాళీగా పంపకూడదు, చోడి (రాగి) బిస్కెట్లేమో మెత్తబడిపోతున్నాయి

ఘంటస్తంభం జిరాక్స్:

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఘంటస్తంభం దగ్గర చిన్న జిరాక్స్ షాపు నాది. వయసు 47. టీ పెట్టడం, గుడ్డు ఉడకబెట్టడం తప్ప వంట రాదు. అలాంటి నేను మూడు రోజులుగా రాత్రి షాపు కట్టేసి వచ్చి బిస్కెట్లతో కుస్తీ పడుతున్నాను. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

మా ఇంట్లో ఒక స్టీలు డబ్బా ఉంది. రెండు కేజీల పంచదార పడుతుంది. మూత మీద మా అమ్మ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది, గిన్నెల కొట్లో మిషన్ పెట్టి గర్రుమని చెక్కుతారే, అలాగ. చివరి అక్షరానికి చోటు చాలక కిందికి జారిపోయింది. చెక్కినవాడితో మా అమ్మ దెబ్బలాడి రెండు రూపాయలు తగ్గించుకుందట.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస వైపు విరుచుకుపడినప్పుడు దాని పక్కనే కాశీబుగ్గలో ఉన్న నా స్నేహితుడి ఇంటికి చాలా రోజులు కరెంటు లేదు, ఫోనూ కలవలేదు. హాస్టల్లో ఐదేళ్లు పక్కపక్క ట్రంకు పెట్టెలు మావి. ఎవరో వ్యాన్‌లో అటు మంచినీళ్ల టిన్నులు పట్టుకెళ్తున్నారని తెలిసి, మా అమ్మ ఆ డబ్బాలో కింద జంతికలు, మధ్యలో అరిటాకు, పైన నువ్వుల చిమ్మిలి సర్ది పంపింది. సంక్రాంతికి డబ్బా తిరిగొచ్చింది. నిండా బెల్లం పాకంలో వేసిన జీడిపప్పు అచ్చులు. ఖాళీ డబ్బా ఎలా పంపుతాం అన్నారట వాళ్లమ్మగారు. అయితే మనం మాత్రం ఎలా ఉంచేసుకుంటాం అంది మా అమ్మ. అప్పటినుంచి అది అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. సున్నుండలు, కొబ్బరి లౌజు, గవ్వలు, అరిసెలు, ఓసారి ఆవకాయ కూడా వెళ్లింది (ఆ వాసన పోవడానికి మూడు సార్లు చింతపండుతో తోమాల్సి వచ్చింది).

మా అమ్మ పోయి రెండేళ్లు కావస్తోంది. పోయిన దసరాకి నేను కొట్లో కొన్న లడ్డూలు నింపి పంపాను. వాడు ఫోన్ చేసి "బావున్నాయిరా" అన్నాడు. అంతే. తిండి విషయంలో వాడు ఒక్క మాటతో ఆగే మనిషి కాదు. ఏ నెయ్యి, ఎవరు కలిపారు, పాకం ఎంత ముదిరింది, అన్నీ అడుగుతాడు. ఆ ఒక్క మాటే నాకు ముల్లులా గుచ్చుకుంది.

వచ్చే ఆదివారం ముగ్గురం వాడింట్లో కలుస్తున్నాం. మూడోవాడిది నరసన్నపేట. వాడికి షుగర్. అందుకని మైదా, పంచదార లేకుండా చోడి పిండి, బెల్లంతో బిస్కెట్లు చేద్దామని మొదలుపెట్టాను. మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్‌లో ఇసుక పోసి, గాస్కెట్, వెయిట్ తీసేసి కాలుస్తున్నాను.

మొదటి రోజు బిస్కెట్లన్నీ కరిగి కలిసిపోయి పళ్లెమంతా ఒకే బిస్కెట్ అయింది. రెండో రోజు అడుగు బొగ్గు, పైన పచ్చి. మా ఆవిడ చూసి "ఏటండీ ఇవి, పిడకలా?" అంది. నిన్న మాత్రం రాత్రి పదకొండింటికి కరకరలాడుతూ బాగా వచ్చాయి. సంబరపడి పడుకున్నాను. పొద్దున్న మూత తీస్తే ఒక్కొక్కటి నానిన అట్టముక్కలా వంగుతోంది. ఇలా అయితే నాలుగు రోజుల ముందు చేసి పెట్టుకునేదెలా? ఎక్కడ తప్పు చేస్తున్నాను?

నాగావళి గట్టు:

అన్నయ్యా, నేను శ్రీకాకుళంలో ఇంట్లోనే ఆర్డర్ల మీద బిస్కెట్లు, కేకులు చేస్తాను. మీ తప్పులు మూడూ మూడు రకాలు, విడివిడిగా చెప్తాను.

కలిసిపోవడం నెయ్యి వల్ల. నెయ్యి కరిగించి పోసి ఉంటారు. పేరుకున్న నెయ్యే వాడాలి. ముద్ద కలిపాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక వత్తి, వెంటనే వేడిలో పెట్టాలి. బయట వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

అడుగు మాడిందంటే పళ్లెం ఇసుకకి మరీ దగ్గరగా ఉంది. మధ్యలో ఎత్తైన స్టాండు వేయండి. పది నిమిషాలు ముందే వేడెక్కించి, తర్వాత సన్న సెగ మీద 20, 25 నిమిషాలు ఉంచండి. ఇంకో మాట. నీళ్లు లేకుండా అంతసేపు కాలిస్తే కుక్కర్ పాడవుతుంది. పాత దళసరి గిన్నె, దాని మీద సరిపోయే మూత చాలు.

ఇక మెత్తబడటం. దీనికి కారణాలు రెండు. బెల్లం గాలిలో తేమని లాక్కుంటుంది, మన వైపు ఈ నెలల్లో గాలంతా తేమే. రెండోది, మీరు పదకొండింటికి దించి వేడి మీదే డబ్బాలో పెట్టి మూత వేసేసి ఉంటారు. అవునా కాదా? లోపల ఆవిరి పట్టి బిస్కెట్లే తాగేస్తాయి. జల్లి మీద పరిచి, చేత్తో ముట్టుకుంటే చల్లగా తగిలేదాకా, కనీసం గంట, ఆరనివ్వాలి.

చోడి పిండిలో గోధుమలో ఉండే జిగురు ఉండదు, ఒట్టిదే అయితే చేతిలో పొడైపోతుంది. అందుకని 150 గ్రాముల చోడి పిండికి 75 గ్రాముల గోధుమ పిండి కలపండి. చోడి పిండిని ముందు సన్న సెగ మీద ఐదారు నిమిషాలు, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చాలి. నెయ్యి 100 గ్రాములు. తీపికి బెల్లం పొడి 40 గ్రాములు, పంచదార పొడి 40 గ్రాములు. ఉప్పు చిటికెడు, బేకింగ్ పౌడర్ అర చెంచా. ముద్ద కాకపోతే ఒక చెంచా పాలు చిలకరించండి, అంతకు మించి వద్దు. వేడి మీద మెత్తగానే ఉంటాయి, చల్లారాకే గట్టిపడతాయి. అది తెలియక చాలామంది ఇంకాసేపు ఉంచి మాడుస్తారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. బెల్లం వేస్తే షుగర్ వాళ్లకి మంచిదనుకోకండి. బెల్లం కూడా రక్తంలో చక్కెరని పెంచుతుంది. చోడి పిండిలో పీచు ఎక్కువే, కానీ అదీ పిండేగా. మా నాన్నగారికి పదేళ్లుగా షుగర్, ఈ బెల్లం భ్రమ పోగొట్టడానికి మాకు రెండేళ్లు పట్టింది. మీ నరసన్నపేట స్నేహితుడి కోసం సగం ముద్దలో తీపి వేయకుండా వాము, ఉప్పు, కొంచెం మిరియాల పొడి వేసి చేయండి. అవైనా రెండు మూడే.

ఘంటస్తంభం జిరాక్స్:

అమ్మా, వేడి మీదే మూత వేసిన మాట నిజం. చీమలు పడతాయని భయపడ్డాను. నెయ్యీ కరిగించే పోశాను. వంటింట్లో సీసీ కెమెరా పెట్టారా ఏంటి?

వాము సంగతి బాగుంది. హాస్టల్లో శనివారం టిఫిన్‌లో వాము బిస్కెట్ ఇచ్చేవారు, నరసన్నపేట వాడు నా వాటా కూడా లాక్కునేవాడు.

గవ్వల పీట:

మాది బొబ్బిలి. నాకు అరవై దాటాయి కనుక ఉన్నమాట చెప్తాను, ఏమీ అనుకోకు బావూ. మీ అమ్మగారి డబ్బాలో బిస్కెట్లేమిటి? గవ్వలు చేసుకో. పావు కేజీ గోధుమ పిండి, రెండు చెంచాల వేడి నెయ్యి, చిటికెడు ఉప్పు. గట్టిగా తడిపి, గోలీలంత ఉండలు చేసి, గవ్వల పీట మీద బొటనవేలితో ఒక్క తోపు తోస్తే చుట్టుకుంటుంది. పీట లేకపోతే కొత్త దువ్వెన కడిగి వాడుకో. నూనెలో సన్న సెగ మీద వేయించి పాకంలో వేస్తే పదిహేను రోజులు ఉంటాయి. కుక్కరూ వద్దు, ఇసుకా వద్దు. ఆ ఇసుక పంట్లో పడితే మీ స్నేహం అక్కడితో సరి.

అయినా బిస్కెట్లే కావాలంటే, మా రోజుల్లో పండగ ముందు మైదా, పంచదార, డాల్డా కొలిచి బేకరీకి పట్టుకెళ్లేవాళ్లం. కూలి తీసుకుని కాల్చి ఇచ్చేవారు. పక్కన నిలబడి చూడకపోతే మన డాల్డా వేరేవాళ్ల పిండిలోకి వెళ్లిపోయేదని మా అత్తగారి అనుమానం. నన్ను కాపలా పెట్టేవారు. కొత్త కోడల్ని, పొయ్యి వేడికి చీర తడిసిపోయేది. ఇప్పుడు ఎవరైనా అలా కాలుస్తారో లేదో, అడిగితే పోయేదేముంది?

జీడితోట:

పలాస నుంచి. డబ్బా కథ చదివాక రాయకుండా ఉండలేకపోయాను. తిత్లీకి మా వజ్రపుకొత్తూరు వైపు జీడి, కొబ్బరి వేళ్లతో సహా పడిపోయాయి. ఆ వారం ఎవరు ఏ డబ్బా పంపినా ఇంకా గుర్తే.

బిస్కెట్లలోకి జీడిపప్పు వేస్తారనుకుంటా, వేయకుండా పలాస రావద్దు అన్నా. కానీ పెద్ద గుండు పప్పు కొని డబ్బు తగలేయకండి. 240, 320 అని నంబర్లు చెప్తారు కదా, అది పౌను తూకానికి, అంటే 454 గ్రాములకి ఎన్ని పప్పులు వస్తాయన్న లెక్క. నంబర్ చిన్నదైతే పప్పు పెద్దది, ధర కూడా ఎక్కువ. బిస్కెట్లోకి ఎలాగూ ముక్కలు చేయాల్సిందే, బద్ద తీసుకుంటే చాలు. రుచి ఒకటే. మా అమ్మ ఇరవై ఏళ్లు జీడి గింజలు కొట్టింది. తొక్కలో ఉండే జీడి నూనె తగిలి వేళ్లు నల్లబడి ఉండేవి, ముందు ఆముదం రాసుకునేది. ఇంటికి తెచ్చేది ఎప్పుడూ ముక్కే. గుండు పప్పు రుచి నాకు పెళ్లిళ్లలోనే తెలిసింది, తేడా ఏమీ లేదు.

వేయించి వేయకండి, పచ్చి బద్దలే పైన అద్దండి. బిస్కెట్‌తో పాటే అవీ వేగుతాయి. ముందే వేయిస్తే చేదెక్కుతాయి.

ఘంటస్తంభం జిరాక్స్:

అందరికీ ఆఖరి కబురు. గవ్వల పీట అమ్మగారూ, మీ మాట విన్నాను, సగమే విన్నాను. గురువారం మా వీధి చివర బేకరీకి వెళ్లి అడిగాను. ముందు నవ్వాడు. మా అమ్మ కూడా అలాగే సంక్రాంతికి టిన్ను పట్టుకుని బేకరీకి వెళ్లేదని, నేను వెనక సంచీ మోసేవాడినని చెప్పాను. సాయంత్రం బన్నులు దిగాక పొయ్యి చల్లారుతుంటుంది, ఏడింటికి రమ్మన్నాడు. డబ్బులు తీసుకోలేదు గానీ వాళ్లబ్బాయి రికార్డు పుస్తకం నలభై పేజీలు జిరాక్స్ తీయించుకున్నాడు.

ఇంట్లో ముద్ద కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, తడిగుడ్డ చుట్టి పట్టుకెళ్లాను. రెండు పళ్లేలు. ఒకటి తీపి, జీడిపప్పు బద్దలు అద్దినది. ఒకటి వాము. పదహారు నిమిషాలకి తీశాడు. మెత్తగా ఉన్నాయని నేను కంగారు పడుతుంటే, నాగావళి చెల్లెమ్మ చెప్పినట్టే, "ముట్టుకోకండి, ఆరనివ్వండి" అన్నాడు. గంటన్నర అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. పేపరు చదివాను, ఈగలు తోలాను. ఆరాక ఒకటి విరిస్తే టప్‌మని శబ్దం వచ్చింది. బేకరీ కుర్రాడు కూడా తలెత్తి చూశాడు.

ఆదివారం పొద్దున్న రైల్లో డబ్బా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఎదురుగా కూర్చున్న ముసలాయన "ఏటి బాబూ అందులో, వెండా, బంగారమా?" అన్నాడు. మూత తీయాల్సి వచ్చింది. ఆయనకి ఒకటి, ఆయన మనవరాలికి రెండు. ఆ పిల్ల తిని, జీడిపప్పు గోటితో పీకి జేబులో దాచుకుంది.

కాశీబుగ్గలో వాడు డబ్బా అందుకుని ముందు మూత మీద పేరు వేలితో తడిమాడు, ఎప్పుడూ చేసేదే. ఒకటి కొరికాడు. తర్వాత మొదలుపెట్టాడు. పిండి వేయించావా, నెయ్యి ఎవరిది, బెల్లం ఎంత, పంచదార ఎందుకు కలిపావు, ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది, అడుగు ఇంకొంచెం ఎర్రబడాలి. పావుగంట వాయించాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

నరసన్నపేట వాడు వాము బిస్కెట్లు పొగుడుతూ తీపివే తిన్నాడు. "రెండేరా" అన్నాడు, నేను లెక్కపెట్టాను, నాలుగు. వాళ్లావిడకి ఫోన్ చేసి చెప్తానంటే ఐదోది డబ్బాలో పెట్టేశాడు, కొరికినది.

డబ్బా ఇప్పుడు కాశీబుగ్గలోనే ఉంది. వాళ్లమ్మగారికి చూపు తగ్గింది, ఈసారి పాకం వాడే పడతానంటున్నాడు. వాడికి టీ పెట్టడం కూడా రాదు. జీడితోట తమ్ముడూ, సంక్రాంతి ముందు వాడు ఇక్కడికొచ్చి ఏమైనా అడిగితే కాస్త చూసుకో.

మిగిలిన చోడి పిండితో మా ఆవిడ అంబలి కాచేసింది.