సుడో పెట్టినా పర్మిషన్ డినైడ్ ఎందుకు?

ప్రశ్న:
లైనక్స్‌లో ఎల్ఎస్, పీఎస్ కమాండ్‌లు ఎవరికైనా నడుస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఏపీటీ ఇన్‌స్టాల్ మాత్రం ముందు సుడో (రూట్ అధికారంతో నడిపించే కమాండ్) లేనిదే కదలదు. ఏ కమాండ్‌కు రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ ఖాతా) కావాలో జాబితా ఎక్కడైనా ఉంటుందా? ఇంకో చిక్కు: హోస్ట్స్ ఫైల్ చివర ఒక లైన్ చేర్చాలని సుడో ఎకో "10.0.0.5 డీబీ" >> /ఈటీసీ/హోస్ట్స్ అని కొడితే, పాస్‌వర్డ్ కూడా అడక్కుండానే పర్మిషన్ డినైడ్ అంటోంది.

జవాబు 1:
జాబితా లేదండీ. కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) కమాండ్ పేరు చూడదు. ఆ ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరుస్తోంది, ఏ సిస్టమ్ కాల్ చేస్తోంది (అంటే కెర్నల్‌ను ఏ పని అడుగుతోంది), దాని యూఐడీ (యూజర్ నంబర్) ఎంత, దానికి ఏ అధికారాలున్నాయి అన్నవే చూస్తుంది. అందుకే ఏపీటీ సెర్చ్ మామూలు యూజర్‌కూ పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ అనేసరికి /వార్/లిబ్/డీపీకేజీలో లాక్ ఫైల్ తెరవాలి, /యూఎస్ఆర్‌లో రాయాలి. అవి రూట్‌వి కాబట్టి అక్కడ ఆగుతుంది.

మరి పాస్‌వర్డ్ మార్చే పాస్‌డబ్ల్యూడీ కమాండ్ సుడో లేకుండానే, పాస్‌వర్డ్‌లు దాచే రూట్ ఫైల్ /ఈటీసీ/షాడోను ఎలా మారుస్తుంది? ఎల్ఎస్ -ఎల్ /యూఎస్ఆర్/బిన్/పాస్‌డబ్ల్యూడీ కొట్టండి, ఓనర్ పర్మిషన్లలో ఎక్స్ బదులు ఎస్ కనిపిస్తుంది. అది సెట్‌యూఐడీ బిట్. ఎవరు నడిపినా ఫైల్ ఓనర్ అయిన రూట్ అధికారంతో నడుస్తుంది; ఇతరుల పాస్‌వర్డ్ మార్చనివ్వకుండా చూసే బాధ్యత ఆ ప్రోగ్రామ్‌దే.

జవాబు 2:
పాస్‌వర్డ్ అడగలేదన్నారు చూడండి, కిటుకంతా అక్కడే ఉంది. >> (ఫైల్ చివర రాయించడం) పని సుడోది కాదు, మీరు కొట్టిన కమాండ్‌ను చదివి నడిపే షెల్‌ది. సుడోను మొదలుపెట్టకముందే షెల్ మీ అధికారంతో ఆ ఫైల్ తెరవబోయి భంగపడింది. ఇలా రాయండి:

ఎకో "10.0.0.5 డీబీ" | సుడో టీ -ఏ /ఈటీసీ/హోస్ట్స్

టీ తనకు అందినదాన్ని ఫైల్‌లో రాస్తుంది; -ఏ అంటే చివర చేర్చమని. అది మరిచిపోతే పాత ఫైలంతా చెరిగిపోయి ఈ ఒక్క లైనే మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు:
పనిచేసింది, థాంక్స్. 80 పోర్ట్‌లో సర్వర్ నడపడానికి కూడా సుడో తప్పదా?

జవాబు 3:
తప్పించుకోవచ్చు. మామూలుగా 1024 కంటే తక్కువ పోర్ట్‌లకు క్యాప్_నెట్_బైండ్_సర్వీస్ అనే కేపబిలిటీ (రూట్ అధికారాల్లో ఒక ముక్క) ఉంటే చాలు, పూర్తి రూట్ అక్కర్లేదు. సుడో సెట్‌క్యాప్ కమాండ్‌తో ఆ ఒక్కటే మీ సర్వర్ బైనరీకి (కంపైల్ చేసిన ప్రోగ్రామ్ ఫైల్‌కు) ఇవ్వండి. పైథాన్ స్క్రిప్ట్ అయితే ఈ దారి వద్దు: స్క్రిప్ట్ ఫైల్‌కు ఇస్తే పనిచేయదు, పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌కు ఇస్తే మెషీన్‌లోని ప్రతి స్క్రిప్ట్‌కూ ఇచ్చినట్టే. దానికి సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపించే ప్రోగ్రామ్) యూనిట్ ఫైల్‌లో యాంబియంట్‌కేపబిలిటీస్ లైన్ పెట్టడం నయం. బైనరీని మళ్లీ బిల్డ్ చేసి పాతదాని స్థానంలో పెట్టినప్పుడల్లా సెట్‌క్యాప్ మళ్లీ కొట్టాలి, కొత్త ఫైల్‌కు అది రాదు.