చామనఛాయ పిల్లకి లైట్ డోసు ఎక్కువ ఇవ్వాలా?

ఖమ్మం అమ్మ:
మా పాపకి మోకాళ్ల మీద, కంటి పక్కన బొల్లి మచ్చలు. నారోబ్యాండ్ యూవీబీ లైట్ (అతినీలలోహిత కాంతి చికిత్స) 200 మిల్లీజౌల్స్ డోసుతో మొదలుపెట్టారు. మా ఆడపడుచుదీ ఇదే రంగు, తనకి సోరియాసిస్‌కి 350తో మొదలుపెట్టారట. "మన రంగుకి 200 ఏం ఆనుతుంది, పెంచమను" అంటోంది. టెన్షన్‌గా ఉంది.

అనకాపల్లి సూర్యం:
ఆవిడ మాట నిజమేనండీ. మన ఒంట్లో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ, అది కాంతిని ఆపేస్తుంది. నాకూ సోరియాసిసే. డోసు పెంచాకే పొలుసులు రాలాయి. గట్టిగా అడగండి.

లైట్‌రూమ్ నర్సు:
సోరియాసిస్ వరకు సూర్యం గారి మాట సరే. అక్కడ ఫిట్జ్‌పాట్రిక్ చర్మ రకాన్ని బట్టే, అంటే ఒళ్లు ఎండకి ఎంత కందుతుంది, ఎంత నల్లబడుతుంది అన్నదాన్ని బట్టే మొదటి డోసు. కానీ బొల్లి మచ్చలో రంగు కణాలే ఉండవు. చుట్టూ ఒళ్లు ఎంత నల్లగా ఉన్నా మచ్చకి ఆ కాపుదల లేదు. అందుకే ఏ రంగువాళ్లకైనా 200తో మొదలుపెట్టి, విడతకి 10–20 శాతం పెంచమని 2017లో బొల్లి నిపుణులు సూచించారు.

కాబట్టి పాప రంగు కాదు, మచ్చ రంగు చూడండమ్మా. లేత గులాబీకి తిరిగి 24 గంటల్లో సర్దుకుంటే డోసు సరిపోయినట్టే. మంట పెట్టినా, పొక్కినా తర్వాతి విడతకి ముందే చెప్పండి.

సూర్యం గారూ, మీ విషయంలో నా భయం వేరు. చామనఛాయ మీద ఎరుపు సరిగా కనబడదు. "ఎర్రబడలేదుగా" అని పెంచేస్తే లోపల కాలుతుంది. అందుకే నేను చేత్తో తాకి చూస్తాను, రాత్రి మంట పుట్టిందా అని అడుగుతాను.

అనకాపల్లి సూర్యం:
బొల్లికి లెక్క వేరని ఒప్పుకుంటా. అలాగని ఆ 200 దగ్గరే నెలల తరబడి ఉంచేయడమూ తప్పే కదా?

లైట్‌రూమ్ నర్సు:
ముమ్మాటికీ తప్పే. అలా ఉంచేస్తే ఫలితం రాదు, విసిగి మానేస్తారు. అమ్మా, ప్రతి విడత డోసూ కార్డులో రాయించుకోండి. మోకాళ్ల మీద రంగు ముందు వెంట్రుకల కుదుళ్ల దగ్గర చిన్న చుక్కల్లా వస్తుంది. కంటి పక్కన మచ్చ ఉందని, లైట్ పెట్టేటప్పుడు కళ్లకి వేసే గాగుల్స్ మాత్రం మీరుగా తీయించకండి.

ఖమ్మం అమ్మ:
రేపే కార్డు అడుగుతాను. స్కూల్లో ఎండలో ఆడుతుంది, సన్‌స్క్రీన్ రాసి లైట్‌కి తీసుకురావచ్చా?

లైట్‌రూమ్ నర్సు:
వద్దమ్మా, రాస్తే లైట్ లోపలికి పోదు. అయ్యాక రాయండి, ఆ రోజుకి ఎండలో ఆటలు ఆపించండి.